డైరీలో లేని ముద్ద: వాకింగ్ మానని ఒక టీచర్ గారి బరువు ఎక్కడ ఆగింది

ఈ కేసులో మొదటి రెండు నెలలు నేను ఆమెను తప్పుదారిలో నడిపించాను. రాస్తున్నది అందుకే. చివరికి బరువు తగ్గడం ఇందులో చిన్న సంగతి. ఎందుకు ఆగిందో కనుక్కోవడానికి నాకు అంతకాలం ఎందుకు పట్టిందన్నది నా తోటి డైటీషియన్లకు పనికొస్తుందని అనుకుంటున్నాను. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వీలు లేకుండా కుటుంబం, ఊరు, ఉద్యోగం వివరాలు కొన్ని మార్చాను. బరువులు, కొలతలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను.

నేపథ్యం

ఆమెకు 46 ఏళ్లు. కోస్తాలో ఒక పట్టణం, ప్రభుత్వ హైస్కూల్లో టీచరు. ఎత్తు 158 సెంటీమీటర్లు. ఇంట్లో భర్త, ఇంటర్ చదివే కొడుకు, అత్తగారితో కలిపి నలుగురు. పొద్దున వంట ఈమెది, సాయంత్రం వంట అత్తగారిది. ఎనిమిదేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నారు. నెలసరి అప్పటికే తప్పుతూ వస్తోంది.

అంతకుముందు ఏడాది దసరా సెలవుల్లో ఆడపడుచుకు షుగర్ బయటపడింది. ఆ భయంతో ఈమె నడక మొదలుపెట్టారు. అప్పుడు బరువు 79.5 కిలోలు, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె) దాదాపు 32. మన దేశంలో వాడే కొలత ప్రకారం 25 దాటితేనే ఊబకాయం కింద లెక్క. స్వీట్లు మానేశారు. రాత్రి అన్నం తీసేసి చపాతీకి మారారు. రోజూ పొద్దున ముగ్గురు స్నేహితురాళ్లతో కాలేజీ గ్రౌండులో గంట నడక. ఫిబ్రవరి చివరికి 71.6కి వచ్చారు. అయిదు నెలల్లో ఎనిమిది కిలోలు, ఎవరి సలహా లేకుండా. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సొంతంగా ఇంత చేసుకుని వచ్చేవాళ్లు తక్కువ.

మార్చి నుంచి ముల్లు కదల్లేదు. 71.2, 71.9, 71.5, మళ్లీ 71.6. జూన్ చివరి వారంలో నా దగ్గరికి వచ్చేసరికి నాలుగు నెలలైంది. ఈలోగా తెలిసినవాళ్లు చెప్పినవన్నీ చేసి చూశారు. పరగడుపున తేనె నిమ్మరసం, వాట్సాప్‌లో వచ్చిన ఏదో కషాయం, అన్నం బదులు కొర్రలు. కొర్రల గురించి ఒక మాట. వండకముందు తూకం వేస్తే వంద గ్రాముల బియ్యానికీ వంద గ్రాముల కొర్రలకీ కేలరీలు కొంచెం అటూ ఇటూగా ఒకటే, 350 దగ్గర. పీచు ఎక్కువ, మంచిదే. కానీ గిన్నెడు అన్నం స్థానంలో గిన్నెడు కొర్రన్నం పెట్టుకుంటే బరువు లెక్క పెద్దగా మారదు.

వచ్చిన సమస్య

"మేడం, రాత్రి అన్నం మానేసి తొమ్మిది నెలలైంది. రోజూ గంట నడుస్తున్నాను. ఇంకేం మానెయ్యాలో చెప్పండి." కూర్చుంటూనే ఆమె అన్న మాట ఇది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఇంట్లో నేను దొంగతనంగా తింటున్నానని అనుకుంటున్నారు" అన్నారు.

నడుం చుట్టుకొలత 96 సెంటీమీటర్లు. మన దేశపు ఆడవాళ్లకు 80 దాటకూడదంటారు. మూడు నెలల షుగర్ సగటు 5.9, అంటే హద్దు మీద ఉంది. హిమోగ్లోబిన్ 11.2. థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ 6.4, ఉండాల్సిన దానికన్నా కాస్త ఎక్కువ. నిద్ర గురించి అడిగితే "పడుకోగానే పడుతుంది" అన్నారు. ఎన్ని గంటలకు పడుకుని ఎన్ని గంటలకు లేస్తారని నేను ఆ రోజు అడగలేదు. ఈ తప్పు సంగతి తర్వాత వస్తుంది.

బరువు ఆగడం వింతేం కాదు. 79.5 కిలోల శరీరం ఊరికే పడుకుని ఉన్నా రోజుకు ఖర్చు చేసే శక్తి, మేం వాడే సూత్రం ప్రకారం, ఈమెకు 1390 కేలరీల దగ్గర ఉంటుంది. 71.5కి వచ్చాక అది 1310కి పడుతుంది. రోజంతా చేసే పనులు కూడా కలిపితే తేడా 110, 120. మోయాల్సిన బరువు తగ్గింది కాబట్టి అదే గంట నడకకు ఖర్చు కూడా తగ్గుతుంది. దీనికి తోడు, తిండి తగ్గించిన శరీరం లెక్క ప్రకారం తగ్గాల్సిన దానికన్నా ఇంకాస్త పొదుపు చేస్తుంది. అంటే తినేదానికీ ఖర్చయ్యేదానికీ మధ్య మొదట్లో ఏర్పడ్డ లోటు రానురాను పూడిపోతుంది. కానీ ఇది నెమ్మదిగా జరిగే పని. ఈమెకు నెలకు కిలోన్నర పైగా తగ్గుతూ వచ్చి ఒక్కసారిగా ఆగింది. శరీరం పొదుపు ఒక్కటే కారణమైతే వేగం క్రమంగా తగ్గి ఆగాలి. ఈ తేడా నాకు అప్పుడే తట్టాల్సింది.

మొదటి రెండు నెలలు ఏం చేశాను

మొదటి పని, టీఎస్‌హెచ్ కోసం ఫిజీషియన్ దగ్గరికి పంపాను. నేను డాక్టరును కాను, మాత్ర మోతాదు నా చేతిలో లేదు. అక్కడ తేలింది ఏమిటంటే, ఈమె మాత్ర వేసుకున్న పది నిమిషాలకే కాఫీ తాగుతున్నారు. కాఫీ ఆ మందు ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది. డాక్టరు మోతాదు పెంచలేదు. మాత్రకూ కాఫీకీ మధ్య గంట ఎడం పెట్టమన్నారు. రక్తం తక్కువగా ఉందని ఐరన్ రాసి, థైరాయిడ్ మాత్రకు దూరంగా రాత్రి వేసుకోమన్నారు. ఎనిమిది వారాల తర్వాత టీఎస్‌హెచ్ 3.1. బరువు మీద ప్రభావం మాత్రం ఏమీ కనిపించలేదు.

ఇంట్లో వాళ్లంతా థైరాయిడే దోషి అని నమ్మి ఉన్నారు. ఆమె కూడా. అందుకని ఇది నిరాశే. నాకు ఆశ్చర్యం కలగలేదు. ఇంత కొద్ది తేడాను సరిచేస్తే నీరసం, మలబద్ధకం తగ్గవచ్చు కానీ కిలోలు కిలోలు దిగవు. అయినా ముందు దీన్ని తేల్చడం సరైన పనే. అది తేలకుండా మిగతా ఏం చెప్పినా వినరు.

రెండో పనిలోనే పొరపాటు పడ్డాను. వారం రోజులు ఆహార డైరీ రాయించాను. టీచర్ గారు కదా, ముత్యాల్లాంటి అక్షరాలతో గళ్ల నోటుపుస్తకంలో రాసుకొచ్చారు. లెక్క వేస్తే రోజుకు సగటున 1420 కేలరీలు. ఆ అంకెను నమ్మి, "దీన్ని 1200 చేద్దాం, నడక గంటన్నర చేద్దాం" అన్నాను. అదీ ఒకేసారి రెండూ. ఏది పనిచేసిందో, ఏది చెయ్యలేదో తెలియకుండా నా కళ్లకు నేనే గంతలు కట్టుకున్నాను.

మూడు వారాల్లో 70.4కి వచ్చారు. ఇద్దరం సంతోషించాం. ఆగస్టు మూడో వారానికి మళ్లీ 71.3. మడమ నొప్పి మొదలైంది, పొద్దున మంచం దిగి మొదటి అడుగు వెయ్యగానే సూదితో పొడిచినట్టు. పది రోజులు నడక బంద్. జుట్టు రాలుతోందన్నారు. బడి నుంచి రాగానే సోఫాలో వాలిపోతున్నానన్నారు. బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాయట కదా, అవి వేయించుకుంటే ఎలా ఉంటుందని అడిగింది కూడా అప్పుడే. అది డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాల్సిన సంగతి అని చెప్పాను. కాకపోతే, కారణం దొరక్కుండా ఇంజెక్షన్ వైపు వెళ్తే నా పని నేను చెయ్యనట్టే అని లోపల అనిపించింది.

ఆ రోజు ఆమె వెళ్లాక ఫైలు ముందేసుకుని కూర్చున్నాను. నాలుగు నెలలు బరువు 71.5 దగ్గర నిలకడగా ఉందంటే, లోపలికి వెళ్తున్నదీ ఖర్చవుతున్నదీ సమానం. ఇది ఎవరి మాటా కాదు, తూకం చెప్పే మాట. ఈ బరువుకు, ఈ వయసుకు, ఈ నడకకు ఖర్చు 1800 దగ్గర ఉండాలి. డైరీ 1420 అంటోంది. మధ్యలో 400 కేలరీలు ఎక్కడో ఉన్నాయి. నేను చేసింది ఏమిటి? కనిపించని 400ను వదిలేసి, కనిపించే 1420లో కోత పెట్టాను.

ఇలాంటి చోట మా వృత్తిలో అందరూ తలుచుకునే ఒక అధ్యయనం ఉంది. 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదన్న పదిమందిని పరీక్షిస్తే, వాళ్లు చెప్పిన దానికీ నిజంగా తిన్న దానికీ సగానికి సగం తేడా తేలింది. వ్యాయామం ఉన్నదానికన్నా అంతే ఎక్కువగా చెప్పారు. వాళ్ల శరీరం శక్తిని ఖర్చు చేసే తీరులో లోపం ఏమీ కనబడలేదు. దీన్ని చూపించి పేషెంట్లను అబద్ధాలకోరులుగా తీసిపారేసేవాళ్లను నేను చాలామందిని చూశాను. ఈ టీచర్ గారు అబద్ధం ఆడలేదు. నేను అడిగిన ప్రశ్నకు సరైన జవాబే రాశారు. ప్రశ్నే తప్పు.

ప్రశ్న మార్చాక

డైరీ పైన నేను రాసిచ్చిన శీర్షిక, "ఈ రోజు ఏం తిన్నారు?". మన వాడుకలో తినడం అంటే ముందుగా అన్నం తినడం. ఇడ్లీని 'టిఫిన్ చేశాను' అంటాం. టీ తాగుతాం. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో రుచి చూస్తాం. ప్రసాదం తీసుకుంటాం. పిల్లాడు వదిలేసింది పారెయ్యలేక నోట్లో వేసుకుంటాం. వీటిలో చాలావాటిని మనసు 'తినడం' కింద జమ చెయ్యదు. "పొద్దున్నుంచి ఏమీ తినలేదు, రెండు ఇడ్లీ తప్ప" అని మా అమ్మ కూడా అంటుంది. అందులో మోసం ఏమీ లేదు, భాష అలా ఉంది.

సెప్టెంబరు మొదట్లో ఆమెను మళ్లీ పిలిచి, డైరీ పక్కన పెట్టి, "లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా నిన్నటి రోజంతా కథలాగా చెప్పండి. తిండి సంగతి వదిలెయ్యండి, ఏం పని చేశారో చెప్పండి" అన్నాను. ముప్పావుగంట పట్టింది. మధ్యలో నేను ఆపింది ఒక్కచోటే.

ప్రభుత్వ బడిలో మధ్యాహ్న భోజనం పిల్లలకు వడ్డించే ముందు టీచరు ఒకరు రుచి చూడాలి. చూసినట్టు రిజిస్టరులో రాయాలి. ఆ బడిలో ఆ బాధ్యత ఈమెదే. ఒక గరిటెడు అన్నం, సాంబారు లేదా పప్పు, ప్లేట్లో వేసుకుని రోజూ చూస్తారు. తర్వాత అరగంటకు తన క్యారేజీ విప్పుకుంటారు. నా డైరీలో ఒక్క రోజు కూడా లేని ముద్ద, బడి రిజిస్టరులో ప్రతిరోజూ సంతకంతో సహా ఉంది. ఇద్దరికీ నవ్వొచ్చింది. "అది డ్యూటీ కదండీ, తినడం కాదుగా" అన్నారామె.

స్టాఫ్ రూములో పదకొండింటికి టీ, రెండు బిస్కెట్లు. ఇదీ రాయలేదు. సాయంత్రం అత్తగారు పోపు పెట్టేటప్పుడు నిలబడి తినే గుప్పెడు ఏవో. కొడుకు పళ్లెంలో మిగిలింది. మరి రాత్రి మానేసిన అన్నం? దాని బదులు మూడు చపాతీలు, కాల్చేటప్పుడు రెండు వైపులా నూనె. మానేసిన అన్నం కన్నా అవే బరువు. అది డైరీలో ఉంది కానీ "చపాతీ 3" అని ఉంది, నూనె లేదు.

నూనె దగ్గరే అసలు లెక్క తేలింది. కూరలో ఎంత నూనె వేస్తారని అడిగితే ఎవరైనా "కొంచెమే" అంటారు. చెంచాల్లో అడిగితే "రెండు చెంచాలు" అంటారు, ఆ చెంచా ఎవరి ఊహకు తగ్గట్టు వాళ్లది. డబ్బా సంగతి అడిగితే జవాబు తేలిగ్గా వస్తుంది. "డబ్బా ఎప్పుడు కొన్నారు, ఎప్పుడు అయిపోయింది?" ఆమె భర్తకు ఫోన్ చేసి కనుక్కున్నారు. ప్రతి నెలా మొదటి తారీఖున అయిదు లీటర్ల డబ్బా, ముప్ఫయ్యో తారీఖుకు సరి. నలుగురు మనుషులు. మనిషికి రోజుకు 42 మిల్లీలీటర్లు, దగ్గర దగ్గర 340 కేలరీలు ఒక్క నూనె నుంచే. వేసవిలో పట్టిన ఆవకాయ నూనె వేరే, నెయ్యి వేరే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కల్లో, కూర్చుని పనిచేసే ఆడవాళ్లకు పైనుంచి వాడుకునే నూనె రోజుకు ఇరవై, పాతిక గ్రాముల దగ్గరే ఉంటుంది. నా లెక్కలో నేను వేసుకున్నది కూడా 20 మిల్లీలీటర్లే.

వాడేసిన నూనె కొంత పారబోస్తారు, కొడుకు వాటా ఎక్కువ ఉంటుంది, కాబట్టి ఈమెకు అదనంగా 120 నుంచి 150 అనుకున్నాను. రుచి చూసింది 90. టీ, బిస్కెట్లు 120. పోపు దగ్గరిదీ, పళ్లెంలోదీ కలిపి 50. మొత్తం 400కు దగ్గరగా వచ్చింది. ఇంత చక్కగా కుదరడం యాదృచ్ఛికమని నాకు తెలుసు, ఒక్కో అంకెలో తప్పుకు చోటుంది. దారి మాత్రం దొరికింది. జూలైలో వచ్చిన తగ్గుదల ఎందుకు నిలవలేదో కూడా అప్పుడే అర్థమైంది. కాగితం మీద నేను రాసిన 1200 ఆమె జీవితంలో ఎప్పుడూ లేదు. కొన్నాళ్లు 1550, 1600 అయి ఉంటుంది. ఆకలికి ఓర్చుకోలేక తర్వాత మళ్లీ 1800కు వెళ్లింది.

నడక చుట్టూ ఏం జరిగింది

తిండి సగం సంగతే. కొడుకు చేతికి పెట్టుకునే గడియారం వారం రోజులు ఈమెకు పెట్టించాను. పొద్దున నడకలో 6,200 అడుగులు. మిగతా రోజంతా కలిపి 2,100.

గంట నడక మొదలుపెట్టాక మిగతా రోజులో ఏం మారిందని అడిగాను. పొద్దున టైము చాలక ఇల్లు ఊడ్చి తుడవడానికి మనిషిని పెట్టుకున్నారు. బస్టాపు నుంచి బడికి కిలోమీటరు పైగా నడిచే ఆమె ఆటో మాట్లాడుకున్నారు. కూరగాయల మార్కెట్టుకు భర్త వెళ్తున్నారు. ప్రతిదానికీ ఆమె చెప్పిన కారణం ఒకటే, "పొద్దున వాకింగ్ చేస్తున్నాను కదా అని". నిజంగానే అలసిపోయి ఉన్న మనిషి తీసుకున్న సబబైన నిర్ణయాలవి. కానీ 71 కిలోల మనిషి గంట నడిస్తే, కూర్చుని ఉన్నా ఖర్చయ్యేది తీసేశాక, మిగిలేది 200 కేలరీల లోపే. అందులో సగం మిగతా పద్దెనిమిది గంటల్లో ఆమె వెనక్కి తీసేసుకుంటున్నారు. నేను నడక గంటన్నర చేసినప్పుడు ఆ సోఫా సమయం ఇంకా పెరిగింది.

నిద్ర సంగతి కూడా గడియారమే బయటపెట్టింది. పడుకునేది పదకొండున్నరకు, లేచేది నాలుగూ నలభైకి, నడక కోసం. అయిదు గంటలు. 2010లో వచ్చిన ఒక చిన్న ప్రయోగంలో పదిమందికి ఒకే రకం తక్కువ తిండి పెట్టి, కొన్నాళ్లు ఎనిమిదిన్నర గంటలు, కొన్నాళ్లు అయిదున్నర గంటలు పడుకోనిచ్చారు. తగ్గిన బరువు దాదాపు సమానమే. తక్కువ నిద్రలో మాత్రం తగ్గిన కొవ్వు సగానికన్నా తక్కువ, మిగతాది కండ. పదిమంది మీద చేసిన దాన్ని వేదంగా పట్టుకోను. కానీ నిద్ర కోసి నడక పెంచమన్న నా సలహా ఎంత తెలివితక్కువదో గ్రహించడానికి ఆ మాత్రం చాలు.

ఏం మార్చాం, ఎందుకు

మొట్టమొదట రెండు వారాలు లోటు పూర్తిగా తీసేశాను. 1800 తినమన్నాను, నూనె కూడా లెక్కలో వేసి. ఏడాదిగా ఆకలితో ఉన్న మనిషిని ఇంకో కోతలోకి తోస్తే మళ్లీ మూడు వారాల కథే అవుతుందని నా ఆలోచన. ఆస్ట్రేలియాలో లావుగా ఉన్న మగవాళ్ల మీద చేసిన ఒక పరిశోధనలో రెండు వారాల కోత, రెండు వారాల విరామం పద్ధతి బాగా పనిచేసింది. తర్వాత వచ్చినవన్నీ దాన్ని అంత గట్టిగా బలపరచలేదు. నేను విరామం ఇచ్చింది జీవక్రియ వేగం పెరుగుతుందని కాదు. ఆమె తేరుకోవాలి, నేను కొత్త అలవాట్లు ఆకలి లేని సమయంలో నాటాలి. అంతే.

విరామంలో బరువు పెరుగుతుందని ముందే చెప్పాను. ఒంట్లో నిలవ ఉండే పిండిపదార్థం గ్రాముకు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది, తిండి పెరగగానే ఆ నీరు తిరిగొస్తుంది అని బొమ్మ గీసి చూపించాను. అయినా అయిదో రోజు పొద్దున్నే ఫోన్, "మేడం, 72.2!". ఆ టెన్షన్ చూశాక రోజూ తూకం చూడటం మాన్పించాను. సోమ, బుధ, శుక్రవారాలు, లేవగానే, ఇంట్లోని ఒకే మెషీను మీద. ఆదివారం వద్దు, శనివారం రాత్రి తిన్న ఉప్పూకారం దాని మీద కనబడుతుంది. ఆ మూడింటి సగటు మాత్రమే మేం మాట్లాడుకునే అంకె.

నడకను పెంచలేదు, తగ్గించాను. గంటను నలభై నిమిషాలు చేశాం. ఆమెకు ఇది మింగుడు పడలేదు. "తగ్గడం లేదని వస్తే ఉన్నది కూడా తగ్గిస్తారేంటండీ?" అన్నారు. నా లెక్క ఇది. పొద్దున ఇరవై నిమిషాలు వదిలి, లేచే టైము అయిదున్నరకు మార్చుకుంటే నిద్ర పెరుగుతుంది, మడమకు ఊపిరి దొరుకుతుంది, పగలు కదలడానికి ఓపిక మిగులుతుంది. నడక అయ్యాక మిగిలే రోజులో 4,500 అడుగులు లక్ష్యం. ఆటో మానలేదు, ఒక వీధి ముందు దిగడం మొదలుపెట్టారు. రాత్రి భోజనం అయ్యాక డాబా మీద పది నిమిషాలు. పాఠం నిలబడి చెప్పడం. మార్కెట్టు మళ్లీ ఈమె చేతికి.

వారంలో మూడు రోజులు, ఇరవై నిమిషాలు, కండకు పని. జిమ్‌కు వెళ్లనన్నారు. గుంజీలు, గోడ కుర్చీ, గోడకు చేతులు ఆన్చి తోయడం, నీళ్లు నింపిన రెండు సీసాలు ఎత్తడం. గోడ కుర్చీ అనగానే, "మా లెక్కల మాష్టారు వేయించేవారు. ఫీజు కట్టి నేర్చుకోవాల్సి వస్తుందనుకోలేదు" అన్నారు. మొదటి రోజు పదిహేను సెకన్లు నిలబడ్డారు. డిసెంబరుకు నిమిషం దాటింది.

పాత డైరీ ప్రకారం మాంసకృత్తులు రోజుకు 42 గ్రాములు. దాన్ని 70కి తెచ్చాం. పొద్దున ఉప్మా, అట్టు రోజుల్లో రెండు గుడ్లు చేర్చాం. చారు అన్నంలో కలిపే పప్పునీళ్ల బదులు గట్టి పప్పు. వారంలో రెండుసార్లు పెసరట్టు, ఉప్మా లేకుండా. రెండుసార్లు చేప. శనివారం ఆమె మాంసం, గుడ్డు ముట్టరు, ఆ రోజు మీల్‌మేకర్ కూర, పెరుగు. శుక్రవారం ఉపవాసం మానెయ్యమని నేను అనలేదు. ఆ సాయంత్రం పలహారం కింద చేసే సగ్గుబియ్యం వడ మాత్రం పక్కన పెట్టించాను, గుగ్గిళ్లు వచ్చాయి. రాత్రి చపాతీలు రెండు, పుల్కాల్లాగా. అన్నమే తింటానంటే కొలిచిన ఒక కప్పు, అదీ సరేనన్నాను. రెంటికీ పెద్ద తేడా లేదని తెలిశాక ఆమె దాదాపు ఏడాది తర్వాత రాత్రిపూట పెరుగన్నం తిన్నారు.

రుచి చూసే డ్యూటీ మానే వీల్లేదు. అందుకని దాన్నే మొదటి వాయి అనుకుని, క్యారేజీలో అన్నం ఒక గరిటె తగ్గించారు. స్టాఫ్ రూము టీ తీసెయ్యలేదు. రోజంతా ఆమె నలుగురితో కూర్చుని నవ్వే పది నిమిషాలవి. బిస్కెట్లు పోయాయి, పంచదార సగమైంది.

నూనె గురించి మాట్లాడటానికి అత్తగారిని కలవాల్సొచ్చింది. "నూనె లేకపోతే అది కూరేనా అమ్మా, గడ్డి" అన్నారావిడ. డబ్భై దాటిన మనిషి, ఆవిడ మాటలో అబద్ధం లేదు, వేపుడుకు నూనె కావాలి. కోడలికి వేరే వంట అంటే నాలుగు రోజుల్లో ఆగిపోతుందని నాకు అనుభవం. అందుకని ఏ కూరలో ఎంత వెయ్యాలో నేను చెప్పలేదు. ప్రతి ఆదివారం 800 మిల్లీలీటర్లు ఒక సీసాలో పోసి పెడతారు. వారం మొత్తం ఇంటికి అదే. ఎప్పుడు ఎంత వాడాలన్నది వండేవాళ్ల ఇష్టం. ఆదివారం వేపుడు ఘనంగా చేస్తే గురువారం పులుసు పెట్టుకుంటారు. పెద్దావిడకు ఇది నచ్చింది, ఎందుకంటే ఆవిడ చేతిలోని గరిటె ఎవరూ లాక్కోలేదు. మొదటి వారం గురువారానికే సీసా ఖాళీ. నాలుగో వారానికి శనివారం రాత్రిదాకా వచ్చింది.

మొత్తం తిండి ఈసారి నిజంగా 1550. ఇంకా తగ్గించొచ్చు కదా అని భర్త అడిగారు. 250 లోటు చిన్నదే, నెలకు కిలో కూడా తగ్గకపోవచ్చు. కానీ కాగితం మీద 600 లోటు, బతుకులో సున్నా అన్నది జూలైలో చూసేశాం.

ఏమైంది

అక్టోబరు మొదటి తారీఖున 71.9. మొదటి మూడు వారాల సగటు 71.8, 71.5, 71.7. ఆమె ముఖం చూస్తే మళ్లీ మానేస్తారేమో అనిపించింది. టేపు తీసి నడుం కొలిచాను. 94. కొత్తగా పని చెప్పిన కండ కొన్నాళ్లు నీరు పట్టి ఉంచుతుంది, తగ్గిన కొవ్వును ఆ నీరు తూకంలో దాచేస్తుంది. ఆ రెండు సెంటీమీటర్లే ఆమెను నిలబెట్టాయి. నాలుగో వారం నుంచి 71.0, 70.4, అలా దిగుతూ క్రిస్మస్ సెలవులకు 68.9.

సంక్రాంతికి ఒక కిలో 200 గ్రాములు పెరిగారు. అరిసెలు, సున్నుండలు, చుట్టాలు, సీసా లెక్క గాలికి. కిలో కొవ్వు పేరుకోవాలంటే ఖర్చు కన్నా 7,700 కేలరీలు దాకా ఎక్కువ తినాలి. నాలుగు రోజుల్లో అంత జరగదు, ఇది చాలావరకు ఉప్పు, నీరు, పేగుల్లో ఉన్న బరువు అని చెప్పి, ఉపవాసాలేవీ చెయ్యొద్దు, మామూలు సోమవారంలాగా మొదలుపెట్టండన్నాను. పది రోజుల్లో 68.7. జనవరి చివరికి 68.2, నడుం 89, షుగర్ సగటు 5.6. నిద్ర ఆరున్నర గంటలకు వచ్చింది. జుట్టు రాలడం ఇంకా పూర్తిగా ఆగలేదు.

పదిహేడు వారాల్లో మూడు కిలోల 700 గ్రాములు. ప్రకటనల్లో వేసుకునే అంకె కాదు.

నా ఫారంలో ఏం మారింది

రెండో విడతలోనూ నేను నాలుగైదు మార్పులు కలిపే చేశాను. కాబట్టి ఫలానా దానివల్లే తగ్గిందని చెప్పలేను. నూనె, పగటి అడుగులు ఎక్కువ పని చేశాయని నా అంచనా. వాటి వెనక నిద్ర ఉంది. గుంజీలు తూకాన్ని పెద్దగా కదిపి ఉండవు, నడుం కొలత మీద, ఆమె ధైర్యం మీద వాటి ముద్ర ఎక్కువ.

బరువు ఆగిపోయిందని వచ్చేవాళ్లకు ఇప్పుడు మొదటి రోజు డైరీ ఇవ్వడం లేదు. ముందు నూనె డబ్బా తారీఖులు, ఇంట్లో ఎంతమంది, వంట ఎవరిది అని అడుగుతున్నాను. నిన్నటి రోజును పనుల వరసలో చెప్పించుకుంటున్నాను. 'తిన్నారా' అన్న మాట ఆ ముప్పావుగంటలో నా నోట రాకుండా చూసుకుంటున్నాను, ఇది అనుకున్నంత తేలిక కాదు. వ్యాయామం మొదలుపెట్టాక మానేసిన పనులేమిటన్నది తప్పనిసరి ప్రశ్న. మందుల చీటీ మొత్తం చూస్తాను, ఎందుకంటే కొన్ని షుగర్ మాత్రలు, స్టెరాయిడ్లు, మానసిక సమస్యలకు వాడే కొన్ని మందులు బరువు పెంచుతాయి. అలాంటివి కనబడితే మానమని నేను చెప్పను, రాసిన డాక్టరుతో మాట్లాడమంటాను. రెండు వారాలు బరువు కదలకపోతే దాన్ని ఆగడం అనను. నాలుగు వారాల సగటు, నడుం కొలత రెండూ నిలిచిపోతేనే ఫైలు తెరుస్తాను.

మార్చిలో ఆమె బరువు మళ్లీ 67.4 దగ్గర మూడు వారాలు ఆగింది. నేను ఫోన్ చేసేలోపే వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. గ్యాస్ గట్టు మీద నూనె సీసా, బుధవారానికే అడుగంటింది. కింద ఒక వాక్యం రాశారు, "అత్తయ్య చెల్లెలు వచ్చారు, ఆదివారం దాకా ఉంటారు."